ఆన్‌లైన్ చదువు: హాజరు ఎవరికి వేస్తున్నాం?

జనవరి మూడో వారానికల్లా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’ మీద ఐఐటీలు అందించే ఎన్‌పీటెల్ కోర్సులు మొదలవుతాయి. పెద్ద కోర్సయితే పన్నెండు వారాల పాఠాలు, వారానికో అసైన్‌మెంటు, ఏప్రిల్‌లో పరీక్షలు. ఖమ్మం జిల్లా బోనకల్ మండలంలో మిర్చి కోతలు ముమ్మరంగా సాగేదీ ఆ వారాల్లోనే. కూలీలు దొరకని ఇళ్లలో డిగ్రీ చదివే పిల్లలు కూడా తోటలోకి దిగుతారు. పగలు కోత, సాయంత్రం కల్లంలో ఆరబోత, తాలుకాయ ఏరివేత, ఆ తర్వాత ఖమ్మం యార్డుకు బస్తాలు. జూలై సెమిస్టర్‌కు వస్తే నాట్లు, పత్తిలో కలుపు. అక్టోబరు పరీక్షల నాటికి పత్తితీత. కోర్సు క్యాలెండర్ వేసినవాళ్లకు ఈ సంగతులతో పని పడలేదు. విద్యార్థికి మాత్రం రెండు క్యాలెండర్లూ ఒకేసారి మీద పడతాయి.

కోర్సులో చేరిన తొలిరోజే తెరమీద నిబంధనల పత్రం ఒకటి వస్తుంది. హాజరు ఎంత ఉండాలి, గడువు దాటితే ఏమవుతుంది, కాపీ కొడితే శిక్ష ఏమిటి అన్నవన్నీ అందులో ఉంటాయి. సాధారణంగా ఇంగ్లిషులో ఉండే ఆ పత్రాన్ని ఓపిగ్గా చదివేవాళ్లు తక్కువ. ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్కు పెట్టి ముందుకు పోతారు. చదివినవాళ్లకు మాత్రం ఒక విషయం తెలిసిపోతుంది. సొంత లాప్‌టాప్, సొంత గది, తెగని ఇంటర్నెట్ ఉన్న విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసిన పత్రమది. నేర్చుకున్నారా లేదా అన్న దగ్గర నిబంధన ఎంత గట్టిగా ఉన్నా తప్పులేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ పరికరంతో నేర్చుకున్నారన్న దగ్గర అది సడలాలి. మన దగ్గర చాలాచోట్ల ఇది తలకిందులుగా ఉంది. తెర ముందు కూర్చోవడం మీద పట్టుదల, నేర్చుకోవడం మీద ఉదాసీనత.

ఇంట్లో ఫోన్ ఉంది, చేతిలో లేదు

కరోనాకు ముందు, 2017–18లో జరిగిన 75వ విడత జాతీయ నమూనా సర్వేలో దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ అందుబాటు ఉన్నవి 14.9 శాతం. తెలంగాణ పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి రెండు కూడా లేవు. 2020 సెప్టెంబరు 1న రాష్ట్రంలో ఆన్‌లైన్ తరగతులు మొదలయ్యేనాటికి మన పునాది అది. దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ చానళ్లు బడిపిల్లలను కొంత ఆదుకున్నాయి. కాలేజీ పిల్లలకు ఫోనే తరగతి గది అయింది.

ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. 2024 జనవరిలో వెలువడిన ‘అసర్’ నివేదిక 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువత మీద చేసిన అధ్యయనం. తెలంగాణ నుంచి అందులో ఎంపికైన జిల్లా ఖమ్మమే. మొత్తం దేశం లెక్క చూస్తే, దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, దాన్ని వాడటమూ వాళ్లకు తెలుసు. కానీ వాడటం తెలిసిన అబ్బాయిల్లో 43.7 శాతానికి సొంత ఫోన్ ఉంటే, అమ్మాయిల్లో 19.8 శాతానికే ఉంది. మిగతావాళ్లది నాన్న ఫోనో, అన్న ఫోనో. నాన్న పొలం నుంచి వచ్చి, ఫోన్ చార్జింగ్ పెట్టి, అది చేతికొచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ఉదయం పదింటి లైవ్ క్లాసుకు హాజరు తప్పనిసరి అన్న నిబంధన అందరికీ ఒకేలా కనిపిస్తుంది కానీ, దాని దెబ్బ మాత్రం ఆడపిల్లల మీదే ఎక్కువ.

అదే నివేదికలో మరో అంకె ఉంది. ఆ వయసువాళ్లలో నాలుగో వంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని కూడా ధారాళంగా చదవలేకపోయారు. ఈ పిల్లల్లో కొందరు రేపు డిగ్రీలో చేరతారు. వాళ్ల చేతిలో పేజీల కొద్దీ ఇంగ్లిషు నిబంధనలు పెట్టి, ‘మీరు ముందే ఒప్పుకున్నారు కదా’ అనడంలో న్యాయం లేదు.

గంటలు లెక్కపెట్టే హాజరు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2020 సెప్టెంబరులో దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు కలిపి ఒక నిబంధనావళి తెచ్చింది. వీడియో పాఠం, చదువుకునే పాఠ్యం, చర్చా వేదిక, స్వీయ పరీక్ష అనే నాలుగు భాగాలతో కోర్సు ఉండాలంది. మార్కుల్లో అంతర్గత మూల్యాంకనం 30 శాతానికి మించకూడదంది. విద్యార్థి పక్షానికి కనీసం రెండు గంటలు కోర్సులో పాల్గొంటున్నారో లేదో గమనించాలనీ అంది. ఈ నిబంధనల ప్రకారం వచ్చిన ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో మరోసారి స్పష్టం చేసింది. రెగ్యులర్ కాలేజీల్లో చదివేవాళ్లు కూడా మొత్తం క్రెడిట్లలో కొంత భాగాన్ని ‘స్వయం’ ద్వారా తెచ్చుకోవచ్చు. 2016లో 20 శాతంగా ఉన్న ఈ వాటా 2021లో 40 శాతానికి పెరిగింది. ఆన్‌లైన్ కోర్సు ఇక పక్కన చదువుకునే చదువు కాదు. డిగ్రీలో దాదాపు సగం దాని చేతిలోకి పోగల పరిస్థితి వచ్చింది. నిబంధనల గురించి ఇంత పట్టింపు అందుకే.

పక్షానికి రెండు గంటలంటే పెద్ద భారం కాదు. చిక్కంతా దాన్ని కొలిచే తీరులో ఉంది. లాగిన్ అయి ఎంతసేపున్నారో యంత్రం ఇట్టే చెబుతుంది; ఎంత ఎక్కిందో చెప్పలేదు. కరోనా కాలంలో ఇది కళ్లారా చూశాం. క్లాసులో చేరి, మైకు కట్టేసి, ఫోన్ పక్కన పెట్టి వేరే పని చూసుకున్నవాళ్లకు పూర్తి హాజరు పడింది. సిగ్నల్ నాలుగుసార్లు తెగినా నాలుగుసార్లూ మళ్లీ చేరి పాఠం విన్నవాళ్లకు సగం హాజరు పడింది. ఇలాంటి పట్టిక విద్యార్థికి నేర్పేది ఒక్కటే, యంత్రాన్ని మెప్పించడం ఎలాగో.

డేటా లెక్క కూడా చూడాలి. గంటసేపు లైవ్ వీడియో అంటే నాణ్యతను బట్టి కొన్ని వందల ఎంబీలు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకును ఇద్దరు ముగ్గురు పంచుకునే ఇంట్లో మధ్యాహ్నానికే అది అయిపోతుంది. కాబట్టి పాల్గొనడం అన్నదాన్ని పనిని బట్టి కొలవాలి. పాఠం మీద రెండు ప్రశ్నలు రాసి పంపారా, తోటి విద్యార్థి సందేహానికి జవాబిచ్చారా, వారం చివరి చిన్న పరీక్ష రాశారా? లైవ్ క్లాసు రికార్డింగు, దాంతోపాటు ఆడియో ఒక్కటే ఉన్న ఫైలు, రెండు పేజీల సారాంశం అదే రోజు అందుబాటులో ఉంచితే చాలు. ఆడియో ఫైలుకు పట్టే డేటా వీడియోలో చిన్న ముక్క. మిర్చి కల్లంలో కూర్చుని కూడా వినొచ్చు.

గడువు, వరద, మిర్చి

గడువుల విషయంలో మంచి నమూనా మన దేశంలోనే ఉంది. ఎన్‌పీటెల్ పన్నెండు వారాల కోర్సులో పన్నెండు అసైన్‌మెంట్లు ఇచ్చి, వాటిలో మెరుగైన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకుంటుంది. గడువు దాటాక ఒక్కటీ తీసుకోదు. పైకి కటువుగా కనిపించే ఈ పద్ధతిలో పెద్ద వెసులుబాటు దాగి ఉంది. నాలుగు వారాలు ఏ కారణంతో పోయినా ఫర్వాలేదు, కారణం ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. జ్వరానికి డాక్టర్ సర్టిఫికెట్, చావుకు పత్రిక ప్రకటన తెమ్మని అడిగే కాలేజీల కన్నా ఇది మర్యాదైన పద్ధతి. ఆపై సర్టిఫికెట్ కావాలంటే అసైన్‌మెంట్లలో 25కు 10, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షలో 75కు 30 రావాల్సిందే. వెసులుబాటు ఒక చోట, పట్టుదల మరో చోట. రెండూ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి.

అయితే కొన్ని కష్టాలు ఒక్కరివి కావు, ఊరందరివీ. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. అదే వానలకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, బోనకల్ మీదుగా వెళ్లే విజయవాడ–కాజీపేట మార్గంలో కొన్ని రోజులు రైళ్లు ఆగిపోయాయి. ఈ రెండో వరద జూలై సెమిస్టర్ నడుస్తుండగానే వచ్చింది. కరెంటు లేని ఊరి నుంచి రాత్రి 11 గంటల 59 నిమిషాలలోపు ఫైలు ఎక్కించమనడం అర్థం లేని మాట. అలాగని వందల మంది విడివిడిగా అర్జీలు పెట్టుకోవడమూ అక్కర్లేదు. జిల్లా కలెక్టర్ విద్యాసంస్థలకు సెలవు ప్రకటిస్తే, ఆ జిల్లా విద్యార్థులకు గడువు అన్ని రోజులు దానంతటదే జరగాలి. నిబంధనల పత్రంలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

పంట కాలం కూడా ముందే తెలిసినదే. దానికి అర్జీలూ విచారణలూ అనవసరం. సెమిస్టర్ మొదట్లోనే అన్ని అసైన్‌మెంట్లూ తెరిచి ఉంచి, ముందుగా చేసేవాళ్లకు దారి ఇస్తే, తీరిక దొరికినప్పుడు మూడు వారాల పని ముందే ముగించి మార్చిలో తోటకు వెళ్లొచ్చు. ఏజెన్సీలో తునికాకు సేకరణకు వెళ్లే కుటుంబాల పిల్లలకూ ఇదే ఊరట. వేసవి మొదట్లో ఆకు కోసే ఆ కొద్ది వారాల కూలి చాలా ఇళ్లకు ఏడాది ఖర్చులో ముఖ్యమైన భాగం. చర్ల, దుమ్ముగూడెం వైపు సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్ల పిల్లలకు వారానికోసారి అన్నీ దించుకుని చదువుకునే వీలుండటమే పెద్ద సాయం.

కెమెరా ఎందుకు?

‘కెమెరా ఆన్ చేయాలి’ అన్నది ఆన్‌లైన్ తరగతుల్లో తరచూ వినిపించే ఆజ్ఞ. గురువుకు ముఖాలు చూడాలని ఉండటం సహజమే. నల్లటి గడులతో మాట్లాడటం ఎవరికైనా నీరసమే. కానీ ఒకే గది ఉన్న ఇంట్లో కెమెరా ఆన్ చేస్తే కనిపించేది విద్యార్థి ఒక్కరే కాదు. మంచం మీద తాత, పొయ్యి దగ్గర అమ్మ, ఆరేసిన బట్టలు, అన్నీ తరగతి మొత్తానికి కనిపిస్తాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. అమెరికాలోని ఒహాయోలో ఒక విశ్వవిద్యాలయం పరీక్షకు ముందు కెమెరాతో గదంతా చూపించమనడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి ఫెడరల్ జిల్లా కోర్టు 2022 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లోనే అంది. హాస్టల్లో ఫోన్ వాడకం మీద పెట్టిన ఆంక్షను ఒక డిగ్రీ విద్యార్థిని సవాలు చేస్తే వచ్చిన తీర్పు అది.

కెమెరాతో తేల్చుకోవాల్సింది నిజానికి ఒక్కటే, పరీక్ష రాస్తున్నది ఆ విద్యార్థేనా అని. దానికి మండల కేంద్రంలోని ప్రభుత్వ కాలేజీ గది, ఒక ఇన్విజిలేటర్, ఒక గుర్తింపు కార్డు చాలు. బోనకల్‌లో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంది, మధిరలో డిగ్రీ కాలేజీ ఉంది. పరీక్షను విద్యార్థి ఊరికి దగ్గరగా తెస్తే, ఇంట్లోకి కెమెరా తీసుకెళ్లే పని ఉండదు.

ఎవరి జవాబు?

ఎన్‌పీటెల్ అసైన్‌మెంటు వెలువడిన గంటల్లోనే జవాబులు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో తిరుగుతాయన్నది విద్యార్థులకూ అధ్యాపకులకూ తెలిసిన రహస్యమే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక జవాబుల కోసం వెతకాల్సిన పనీ తప్పింది. నిధుల సంఘం 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిబంధనలు ప్రధానంగా సిద్ధాంత వ్యాసాలను, పరిశోధన పత్రాలను దృష్టిలో పెట్టుకున్నవి. పదిశాతం దాకా పోలికకు శిక్ష లేదు, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు అన్న ఆ మెట్లు ఎప్పటికప్పుడు కొత్తగా రాసిచ్చే యంత్రం ముందు పనికిరావు.

యంత్రం రాసిందో కాదో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుందామంటే అది మరింత ప్రమాదం. చాట్‌జీపీటీని చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన గుర్తింపు పరికరానికి కచ్చితత్వం చాలడం లేదని 2023 జూలైలో దాన్ని ఉపసంహరించుకుంది. ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవేనని ఇలాంటి పరికరాలు ముద్ర వేశాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. తెలుగు మీడియంలో చదివి, పరిమితమైన మాటలతో జాగ్రత్తగా ఇంగ్లిషు రాసే పిల్లలు ముందుగా దొంగలుగా తేలతారన్నమాట.

ఇక్కడ నిబంధన గట్టిగా ఉండాలి, కానీ పట్టుకోవడం తేలికగా ఉండాలి. ఏ పనికి యంత్రం సాయం తీసుకోవచ్చో, ఏ పనికి కూడదో ప్రతి అసైన్‌మెంటు మీదా ఒక వరుసలో రాయాలి. అర్థం కాని ఇంగ్లిషు పేరాను తెలుగులో చెప్పించుకోవడం తప్పు కాదు. జవాబు రాయించుకోవడం తప్పు. ఆ తర్వాత కొందరిని ఎంచి ఐదు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడించాలి: ‘నువ్వు రాసిన రెండో పేరా ఏమిటో చెప్పమ్మా’ అని. తెలుగులో చెప్పినా ఒప్పుకోవాలి. సొంతంగా రాసినవాళ్లు తడుముకుంటూనైనా చెబుతారు. రాయనివాళ్లు చెప్పలేరు. దీనికి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, అధ్యాపకుడి సమయం కేటాయిస్తే చాలు.

కాలేజీ ఏం చేస్తుంది?

విద్యార్థి 24 గంటల్లో జవాబివ్వాలి, వారంలో అసైన్‌మెంటు పెట్టాలి, రెండు వారాలు కనిపించకపోతే పేరు తీసేస్తామని రాసే పత్రంలో అధ్యాపకుడు ఎన్ని రోజుల్లో జవాబిస్తారో రాసి ఉంటుందా? అసైన్‌మెంటు దిద్ది ఎప్పుడు తిరిగి ఇస్తారో ఉంటుందా? మార్కు ఎందుకు తగ్గిందో చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో ఉంటుందా? ఒకవైపే సంతకం ఉన్న కాగితాన్ని ఒప్పందం అనరు.

ఈ విషయంలో తెలుగువాళ్లకు సొంత అనుభవం ఉంది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో మొదలైంది మన గడ్డమీదే. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. దాని తొలి ఉపకులపతి ప్రొఫెసర్ జి. రాంరెడ్డి ఆ తర్వాత 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకూ తొలి ఉపకులపతి అయ్యారు. ఉద్యోగస్థులు, గృహిణులు, మధ్యలో బడి మానేసినవాళ్లు తరగతికి రాలేరన్నది ఆ విశ్వవిద్యాలయం మొదటి రోజే ఒప్పుకున్న సత్యం. అందుకే విద్యార్థిని తరగతికి రప్పించే పట్టు వదిలి, పుస్తకాన్ని విద్యార్థి దగ్గరికి పంపింది. ఎవరి సాయం లేకుండా చదివినా అర్థమయ్యేలా తెలుగులో పాఠ్యపుస్తకాలు రాయించింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇప్పటికీ వాటిని వెతుక్కుని కొనుక్కుంటారు. సందేహాలకు సెలవు రోజుల్లో అధ్యయన కేంద్రాల్లో తరగతులు పెట్టింది. రాతపరీక్షలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు.

ఇంటర్నెట్ రాకముందే తెలిసిన ఈ విషయాన్ని ఇంటర్నెట్ వచ్చాక మరిచిపోయాం. 2024 ఫిబ్రవరిలో పొరుగున ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ కోర్సుల సంస్థ ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుని రెండువేలకు పైగా కోర్సులను విద్యార్థుల ముందు పెట్టింది. అంతర్జాతీయ విశ్వవిద్యాలయాల పాఠాలు పల్లెకు రావడం మంచిదే. అవి అర్థం కాని చోట ఎవరిని అడగాలన్నదే మిగిలే ప్రశ్న. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలు ఇస్తోంది; అన్నింటికీ లేవు. కోర్సును ఎంపిక చేసి క్రెడిట్లు ఇస్తున్న కాలేజీయే ఆ లోటు పూడ్చాలి. ప్రతి ఆన్‌లైన్ కోర్సుకూ కాలేజీలో ఒక అధ్యాపకుడు పేరుతో సహా బాధ్యుడిగా ఉండాలి. వారంలో రెండు సాయంత్రాలు, పిల్లలు ఇంటికి చేరాక, ఫోన్‌లో దొరకాలి. రెండు పనిదినాల్లో జవాబు, పది రోజుల్లో దిద్దిన కాగితం అన్నవి నిబంధనల పత్రంలో అంకెలతో సహా ఉండాలి. అధ్యాపకుడు గడువు దాటితే విద్యార్థికి దొరికే పరిష్కారం కూడా ఉండాలి.

విద్యార్థి బాధ్యత

ఇదంతా చదివి విద్యార్థికి ఏ పనీ లేదనుకుంటే పొరపాటు. ఎదురుగా ఎవరూ లేని చదువులో తనను తాను నడిపించుకోవాల్సింది విద్యార్థే. ‘అసర్’ సర్వేకు ముందు వారంలో సామాజిక మాధ్యమాలకు ఫోన్ వాడినవాళ్లు 90 శాతం పైమాటే. చదువుకు వాడినవాళ్లు మూడింట రెండు వంతులు. సిగ్నల్ లేదన్న మాట కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు సాకు. రెండింటికీ తేడా విద్యార్థికి తెలుసు.

ఆన్‌లైన్ విద్యార్థి నుంచి కోర్సు కచ్చితంగా ఆశించదగినవి కొన్ని ఉన్నాయి. వారానికి కనీసం మూడుసార్లు కోర్సు ప్రకటనలు చూసుకోవాలి. ఇబ్బంది వస్తే గడువు దాటాక బతిమాలడం మాని, దాటకముందే చెప్పాలి. ‘సార్, మార్కులు వేయండి ప్లీజ్’ అన్న సందేశంతో ఏ అధ్యాపకుడూ ఏమీ చేయలేరు. పేరు, హాల్‌టికెట్ నంబరు, కోర్సు, ఏ వారం, ఏ ప్రశ్న, తను ఏం ప్రయత్నించారు అన్నవి రాస్తే ఒక్క జవాబుతో పని తీరుతుంది. గ్రూపులో తోటివాళ్ల తప్పును ఎగతాళి చేయకూడదు. స్క్రీన్‌షాట్లు బయటకు పంపకూడదు. అన్నింటికన్నా ముఖ్యం, తన పేరు కింద ఉన్న ప్రతి వాక్యాన్నీ తను వివరించగలగాలి. ఇవేవీ ఖరీదైన ఫోన్‌తోనో, మంచి సిగ్నల్‌తోనో సంబంధం ఉన్నవి కావు. బోనకల్ విద్యార్థికీ, బంజారాహిల్స్ విద్యార్థికీ సమానంగా సాధ్యమైనవి. నిబంధన అన్నది ఇలా ఉండాలి.

ఖమ్మం నుంచే

సడలిస్తే ప్రమాణాలు పడిపోతాయన్న భయం ఒకటి ఉంది. ఉద్యోగాలిచ్చేవాళ్లు ఆన్‌లైన్ డిగ్రీని అనుమానంగా చూస్తున్న మాట వాస్తవం. కానీ ఆ అనుమానానికి కారణం గడువులు సడలించడం కాదు, పరీక్ష ఎవరు రాశారో తెలియకపోవడం. మనిషి ఎదుట జరిగే పరీక్ష, నోటితో చెప్పించే జవాబు అన్న రెండింటినీ బిగిస్తే హాజరు పట్టికలో ఎంత పట్టువిడుపు చూపినా డిగ్రీ విలువ తగ్గదు.

దీనికి ఢిల్లీ నుంచి కొత్త ఉత్తర్వులు రావాల్సిన పనిలేదు. అంతర్గత మూల్యాంకనాన్ని రూపొందించుకునే వీలు స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలకు ఇప్పటికే ఉంది. 1956 నుంచి జిల్లాకు చదువు చెబుతున్న ఖమ్మం ఎస్ఆర్ అండ్ బీజీఎన్ఆర్ ప్రభుత్వ కళాశాల అలాంటిదే. మిగతా కాలేజీలకు కాకతీయ విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. తెలుగులో ఒకే పేజీ నిబంధనలు, కలెక్టర్ సెలవుతో ముడిపడిన గడువు, మెరుగైన ఎనిమిది అసైన్‌మెంట్ల పద్ధతి, కెమెరా ఐచ్ఛికం, మండల కేంద్రంలో పరీక్ష, ఐదు నిమిషాల మౌఖికం, అధ్యాపకుడికీ గడువు. ఈ ఏడింటినీ వచ్చే జూలై సెమిస్టర్‌కే అమల్లో పెట్టొచ్చు. ఒక్క ఏడాది నడిపి, ఎంతమంది చేరారు, ఎంతమంది పరీక్ష దాకా వచ్చారు, అందులో ఆడపిల్లలు ఎందరు అన్న లెక్కలు బయటపెడితే, ఏ నిబంధన చదువుకు పనికొచ్చిందో, ఏది పిల్లల్ని బయటికి తోసిందో తేలిపోతుంది. అప్పుడు వాదనలతో పనుండదు.